తమ్ముడు పోయాక ఈ పని నేర్చుకోవాలనిపించింది... నేను పనికొస్తానా?

ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లకు తోడుగా ఉండే గ్రీఫ్ కౌన్సెలింగ్ పనిలోకి రావాలా అని అడుగుతూ హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి సంగతి మాత్రం ఇక్కడ చెబుతాను.

ఆమెకు ముప్పై ఏళ్లు. ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరు, జీతం 24,000. భర్త ఉద్యోగి. మూడేళ్ల పాప ఉంది. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. ఫ్లాటు మీద ఈఎంఐ నడుస్తోంది. రెండేళ్ల నాలుగు నెలల క్రితం ఆమె తమ్ముడు బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఆసుపత్రి పాలయ్యాడు. నాలుగో రోజు బ్రెయిన్ డెడ్ అని చెప్పారు. అతనికి ఇరవై నాలుగేళ్లు. అవయవదానం గురించి అడిగినప్పుడు తండ్రికి నోట మాట రాలేదు. ‘ఇద్దాం నాన్నా’ అన్నది ఈమే. తండ్రి సంతకం పెట్టారు. తల్లి అప్పుడూ ఏమీ అనలేదు, తర్వాతా అనలేదు.

ఆ రోజు ఆసుపత్రిలో అవయవదానం గురించి కుటుంబాలతో మాట్లాడే కోఆర్డినేటర్ ఒకరు ఈమె తల్లి పక్కన రెండు గంటలు కూర్చున్నారట. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. మంచినీళ్లు తెచ్చిచ్చారు, జారిపోతున్న కొంగు సర్దారు, బంధువొకాయన ఫోన్‌తో ఫొటో తీయబోతే ఆపారు. ‘ఆ అమ్మాయి చేసిన పని నేనూ చేయాలని అక్కడే అనుకున్నాను’ అని రాశారు. తర్వాత ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయంలో దూరవిద్యలో ఎంఏ సైకాలజీలో చేరారు. ఇప్పుడు రెండో ఏడాది, కౌన్సెలింగ్ ప్రధానాంశం. ఇంటర్న్‌షిప్ చేయాలి.

నగరంలోని ఒక హాస్పిస్‌లో, అంటే నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోట, అవకాశం వచ్చింది. ఆరు నెలలు, వారానికి నాలుగు రోజులు, స్టైపెండ్ లేదు. ముందు వచ్చి చూడమంటే సెలవుల్లో పది రోజులు వెళ్లారు. ఏడో రోజున ఒక తల్లి, చనిపోయిన కొడుకు చొక్కాను ఒళ్లో పెట్టుకుని మడత పెట్టడం, విప్పడం, మళ్లీ మడత పెట్టడం... అలా గంటసేపు కూర్చుంది. ఈమె బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి ఏడ్చి వచ్చారు. ‘ఈ పనిలోకి రావాలో వద్దో ఒకసారి ఆలోచించుకోండి’ అన్నారు అక్కడి సీనియర్ కౌన్సెలర్. ఇంటికొస్తే అత్తగారు గుమ్మంలోనే ఆపి, ‘చంటిపిల్ల తిరిగే ఇల్లు, రోజూ చావుల మధ్య నుంచి వస్తావా’ అని, స్నానం చేశాకే పాపను ఎత్తుకోనిచ్చారు. కన్నతల్లి ఫోన్లో అన్న మాట ఇంకా పెద్దది: ‘వాడు పోతే నీకు ఉద్యోగం దొరికిందా?’ భర్త ‘నీ ఇష్టం’ అన్నారు.

మరో రెండు దారులు కూడా ముందున్నాయి. ఒక ఆన్‌లైన్ సంస్థ ఆరు వారాల్లో ‘సర్టిఫైడ్ గ్రీఫ్ కౌన్సెలర్’ని చేస్తామంటోంది, ఫీజు 45,000. తెలిసినవాళ్ల ద్వారా ఒక ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా తీసుకుని ట్రైనింగ్ ఇప్పిస్తామంటున్నారు, జీతం కూడా ఇస్తారు. ఏది మంచిది, అసలు నేను ఈ పనికి పనికొస్తానా, ఆ చొక్కా పట్టుకున్న తల్లితో ఏం మాట్లాడి ఉండాల్సింది అని అడిగారు. హాస్పిస్‌కు నెలాఖరులోగా జవాబు చెప్పాలి.

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి చదువుతూ పెన్సిల్‌తో కొన్ని చోట్ల గీతలు పెట్టాను. హాస్పిస్ గురించి రెండున్నర పేజీలు రాశారు. అక్కడి మంచాలు, కిటికీలోంచి కనిపించే వేపచెట్టు, టీ తెచ్చే ఆయా, అన్నీ కళ్లకు కట్టాయి. తమ్ముడు ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజులకు మాత్రం ఐదు లైన్లు ఇచ్చారు. ‘ఆ సంఘటన’ అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. పాప పేరు రాశారు, అత్తగారి పేరు రాశారు, రెండేళ్ల కిందట రెండు గంటలు చూసిన ఆ కోఆర్డినేటర్ పేరు కూడా గుర్తుపెట్టుకుని రాశారు. తమ్ముడి పేరు ఒక్కచోట కూడా లేదు. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. నేను చెప్పబోయేదంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది కాబట్టి ముందుగా చెబుతున్నాను.

బాత్రూంలో ఏడ్చినంత మాత్రాన మీరు పనికిరాకుండా పోరు. ఈ పనిలో ఇరవై ఏళ్లుగా ఉన్నవాళ్లకూ కన్నీళ్లు వస్తాయి. నేనూ ఇదే పనిలో ఉన్నాను, మనిషిని పోగొట్టుకున్న కుటుంబం ముందే కళ్లు తుడుచుకున్న రోజులున్నాయి, దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు. కన్నీళ్లు ఎవరి కోసం వచ్చాయన్నదే చూసుకోవాలి. చొక్కా గురించి రాసిన వాక్యం వెనకే మీరు ‘మా అమ్మ కూడా వాడి చొక్కాలు ఇప్పటికీ ఉతకనివ్వదు’ అని రాశారు. అంటే ఆ గదిలో ఉన్న తల్లి మీ కళ్ల ముందు నుంచి జరిగిపోయి, ఆ చోటులో మీ అమ్మ వచ్చి కూర్చుంది. మీరు లేచి వెళ్లకముందే ఆవిడ పక్కన ఎవరూ లేకుండా పోయారు.

ఇది ఎవరికైనా జరుగుతుంది. మా నాన్న పోయిన మూడో నెలలోనే నేను పనిలోకి తిరిగి వచ్చేశాను. ఒక పెద్దాయన చనిపోతే ఆయన కూతురి దగ్గర కూర్చున్నాను. ఆ అమ్మాయి ఏమీ అడగకుండానే ‘చివరి రోజుల్లో దగ్గర లేనని బాధపడకండి’ అన్నాను. ఆమె వింతగా చూసి, ‘నేను దగ్గరే ఉన్నానండీ’ అంది. దగ్గర లేనిది నేను. సాయంత్రం మా సీనియర్ మేడమ్‌కు ఈ సంగతి చెబితే నెలరోజులు నన్ను కుటుంబాల దగ్గరికి పంపలేదు. అప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడకు చేయెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

అందుకే మీ సీనియర్ కౌన్సెలర్ మాటను తలుపు మూసేసినట్టు తీసుకోకండి. ‘ఆలోచించుకోండి’ అని వదిలేస్తే అది సగం సాయమే. ఏం ఆలోచించాలో కూడా చెప్పాలి. ఆవిడను మళ్లీ కలవండి. ‘ఆ రోజు నాలో మీరేం చూశారు, ఏం మారితే నన్ను చేర్చుకుంటారు’ అని అడగండి. ఆవిడ జవాబు చెప్పే తీరును బట్టి, అక్కడ ఆరు నెలలు మీకు నేర్పేవాళ్లు ఉన్నారో లేదో కూడా తెలిసిపోతుంది.

సొంత దుఃఖం ఈ పనికి అర్హతా, అడ్డా అని చాలామంది అడుగుతుంటారు. తమ్ముణ్ని పోగొట్టుకున్నారు కాబట్టి మీకు తెలిసినవి కొన్ని ఉన్నాయి. ‘నువ్వే ధైర్యంగా ఉండాలి, అమ్మానాన్నల్ని చూసుకోవాలి’ అని పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లూ అక్కకు చెప్పి వెళ్తారని, అక్క కూడా ఏడవాలని ఎవరికీ తోచదని మీకు తెలుసు. అది ఏ క్లాసులోనూ నేర్పరు. కానీ మీకు తెలిసింది ఒక్క చావే, అది కూడా ఒక్క ఇంట్లో. భర్త పోయినందుకు లోపల కొంత తేలిక పడ్డ భార్య మీకు ఎదురవుతుంది. తండ్రితో పదేళ్లు మాట్లాడని కొడుకు వస్తాడు, ఏడుపు రావట్లేదని భయపడతాడు. వాళ్ల దగ్గర మీ అనుభవం పనికిరాదు, అడ్డం కూడా వస్తుంది. అప్పుడు దాన్ని కాసేపు పక్కన పెట్టడం రావాలి. ముందు ఎక్కడో ఒకచోట పూర్తిగా బయటికి తీసి చూసుకున్నవాళ్లకే అలా పక్కన పెట్టడం వస్తుంది.

ఈ పని ఎందుకోసం ఉందో కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ఇంటివాళ్ల అభ్యంతరాలకు కూడా దానితో సంబంధం ఉంది. ఆప్తులు పోయిన ప్రతి ఒక్కరికీ కౌన్సెలర్ అక్కర్లేదు. చాలామందికి ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు, కాలం సరిపోతాయి. మన దగ్గర దానికి ఎప్పటి నుంచో ఏర్పాట్లున్నాయి. వారం పది రోజులు ఇల్లు ఖాళీగా ఉండనివ్వరు. పొయ్యి వెలిగించనివ్వకుండా పక్కింటివాళ్లే అన్నం తెస్తారు. పల్లెల్లో ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడుస్తుంటే పోయిన మనిషి బతుకంతా ఆ ఏడుపులో కథలా వస్తుంది, పేరు పెట్టి పిలుస్తారు, నిలదీస్తారు, తిడతారు కూడా. పెద్దకర్మ నాడు పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే ఆ పది నిమిషాలు చూడండి, పోయినవాడికి ఇంకేం కోరిక మిగిలిందో అని ఇల్లంతా ఒకేసారి ఆలోచిస్తుంది. హైదరాబాద్ పాతబస్తీలో నలభయ్యో రోజు దాకా ఇంటికి వచ్చిపోయేవాళ్లుంటారు. ఇవన్నీ దుఃఖానికి ఒక చోటూ, ఒక గడువూ ఇస్తాయి.

ఈ ఏర్పాట్లకు అందని చావులుంటాయి. ఆత్మహత్య అయితే పలకరించడానికి వచ్చినవాళ్లు గుసగుసలాడి వెళ్తారు. కడుపులోనే బిడ్డ పోతే పలకరింపే ఉండదు. 2021లో కరోనాతో పోయినవాళ్ల ఇళ్లకు ఎవరూ రాలేకపోయారు. లోకం గుర్తించని ఇలాంటి దుఃఖానికి అమెరికాలో కెన్నెత్ డోకా అనే ఆచార్యుడు 1989లోనే ఒక పేరు పెట్టి రాశారు. మీ ఇంట్లో జరిగింది కూడా కొంతవరకు ఇదే అనిపిస్తోంది. దానం చేశారని ఊరంతా మెచ్చుకున్నారు, సన్మానానికి కూడా పిలిచారు అని రాశారు. మెచ్చుకోలు మధ్య మీ అమ్మ ‘నా బిడ్డను అలా పంపాల్సి వచ్చింది’ అని ఎవరితో అంటుంది? ఆ మాట అనే చోటు ఆవిడకు దొరకలేదు. మీకూ దొరకలేదు. ఇద్దామన్నది నేనే, తప్పు చేశానా అని అడిగే ధైర్యం మీకు రాలేదు. ఆవిడకు చెప్పుకునే ధైర్యం రాలేదు. రెండేళ్ల నాలుగు నెలలుగా ఇద్దరూ అక్కడే ఆగిపోయి ఉన్నారు.

ఇక దారుల సంగతి. ఆన్‌లైన్ కోర్సు గురించి తొందరగా చెప్పేస్తాను. నేర్చుకోవడానికైతే ఏ కోర్సైనా మంచిదే. కానీ ఆరు వారాల సర్టిఫికెట్ పెట్టుకుని, పైన చూసే సీనియర్ ఎవరూ లేకుండా, కొత్తగా బిడ్డను పోగొట్టుకున్న మనిషిని ఒక స్క్రీన్ మీద కూర్చోబెట్టుకోవడం మీకూ ప్రమాదం, ఆ మనిషికీ ప్రమాదం. వాళ్ల సిలబస్‌లో మొదటి వారమంతా ‘దుఃఖంలో ఐదు దశలు’ అని రాశారు. 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ చెప్పిన ఆ దశలు మరణానికి దగ్గరైన రోగులను చూసి చెప్పినవి. వాటిని ఇంట్లో మిగిలినవాళ్లకు మెట్లలాగా తగిలించి ‘మీరు ఇంకా కోపం దశలో ఉన్నారు’ అని చెప్పడం వల్ల మేలు జరగదు. 1999లో స్ట్రోబే, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన మాట నాకు పనిలో ఎక్కువ ఉపయోగపడింది. మనిషి కాసేపు పోయినవాళ్ల వైపు, కాసేపు బతుకు పనుల వైపు, అటూ ఇటూ ఊగుతూ ఉంటాడని, ఆ ఊగడమే ఆరోగ్యమని వాళ్లన్నారు. పొద్దున ఏడ్చి, మధ్యాహ్నం కరెంటు బిల్లు కట్టి, రాత్రి మళ్లీ ఏడ్చేవాళ్లు బాగానే ఉన్నట్టు. ఒకేవైపు ఆగిపోయినప్పుడే చూసుకోవాలి. మీ ఉత్తరం నిండా ఉద్యోగం, చదువు, పాప, ఈఎంఐ ఉన్నాయి. రెండో వైపుకు మీరు ఎప్పుడు వెళ్లారో నాకు కనిపించలేదు. ఆ బాత్రూంలో ఏడ్చిన ఆ కాసేపేనేమో.

ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ ఉద్యోగం మీద మీ మనసు ఉందని తెలుస్తోంది. మంచి పని అది. మన దేశంలో గ్రీఫ్ కౌన్సెలర్ అన్న పేరు ఎక్కువగా వినిపించేది కూడా అవయవదానం దగ్గరే. అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది, 2011 సవరణతో మార్పిడి చేసే ఆసుపత్రుల్లో కోఆర్డినేటర్ తప్పనిసరి అయ్యారు. దానికి డాక్టరో నర్సో కానక్కర్లేదు, డిగ్రీ ఉండి శిక్షణ తీసుకున్నవాళ్లు చేయొచ్చు. మోహన్ ఫౌండేషన్ లాంటి సంస్థలు ఆ శిక్షణ ఇస్తాయి. తెలంగాణలో ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ ఉంది కాబట్టి పనికి లోటు ఉండదు. జీతం వస్తుంది, ఈఎంఐ టెన్షన్ తీరుతుంది.

అయినా ఇప్పుడే వద్దేమో అని నాకనిపించడానికి కారణం చెబుతాను. నలుగురు డాక్టర్లు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి బ్రెయిన్ డెడ్ అని నిర్ధారిస్తారు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది. ఆ మనిషి పోయాడని తల్లికి అర్థమయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే దానం మాట ఎత్తాలి. ఈ రెంటినీ కలపకూడదన్నది ఈ పనిలో మొదటి నియమం. మీరు ఆ గదిలోకి అడుగు పెట్టిన ప్రతిసారీ ఒక తండ్రి నోట మాట రాక నిలబడి ఉంటాడు, ఒక అక్క ఉంటుంది. వాళ్లు ‘ఇవ్వం’ అంటే మీరు తట్టుకోగలరా? ‘మేమైతే ఇచ్చాం’ అన్న మాట నోటిదాకా రాదా? వాళ్లు ‘ఇస్తాం’ అంటే, ఆ ఒప్పుకోలుతో మీ నిర్ణయం సరైనదే అయిందని ఊరట పడరా? వాళ్ల అవును, కాదులకు మీ లోపలి కోర్టులో సాక్ష్యం విలువ వచ్చేస్తుంది. అది వాళ్ల మీద మనం పెట్టకూడని బరువు. పైగా కొన్నిచోట్ల ఎంతమంది ఒప్పుకున్నారన్న లెక్క మీదే కోఆర్డినేటర్ పనితనం కొలుస్తారు. ఆ ఒత్తిడిలో పక్కన రెండు గంటలు మౌనంగా కూర్చునే తీరిక మిగలకపోవచ్చు. రెండేళ్ల తర్వాత, ఈ ప్రశ్నలు మీకు మీరు వేసుకుని జవాబు వెతుక్కున్నాక, బహుశా మీకంటే బాగా ఆ పని చేసేవాళ్లు దొరకరు. ఆ దారి మూసుకుపోదు.

హాస్పిస్ విషయానికి వస్తే, అక్కడి దుఃఖం తీరు వేరు. మీ ఇంట్లో నాలుగు రోజుల్లో అయిపోయినది అక్కడ నెలలు పడుతుంది. చావుకు ముందే దుఃఖం మొదలవుతుంది, మాట్లాడుకునే వ్యవధి దొరుకుతుంది. సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టినప్పుడు, ఒంటి నొప్పితో పాటు మనసు నొప్పి, ఇంటి బెంగ, దేవుడి మీద అలక కూడా కలిసే ఉంటాయని, అన్నిటినీ కలిపే చూడాలని చెప్పారు. మన దేశంలో 1986లో ముంబైలో శాంతి అవేదనా సదన్ వచ్చింది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో రోగుల బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగం, స్పర్శ్ హాస్పిస్ లాంటివి ఉన్నాయి. ఇలాంటి చోట డాక్టరు, నర్సు, సోషల్ వర్కరు అందరూ కలిసి ఒక కుటుంబాన్ని చూస్తారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అంతకంటే మంచి బడి లేదు, ఎందుకంటే మీరు తడబడితే పట్టుకునేవాళ్లు అదే వరండాలో ఉంటారు.

అయితే మూడు విషయాలు తేల్చుకోకుండా ఒప్పుకోకండి. మీకు సూపర్‌విజన్ ఎవరిస్తారు, వారానికి ఎన్నిసార్లు, అది మీ ఒక్కరికా, నలుగురితో కలిపా అన్నది మొదటిది. వారానికి ఒక గంటైనా మీ కేసుల గురించి, వాటితో పాటు మీ గురించి మాట్లాడే సమయం లేకపోతే అది ఇంటర్న్‌షిప్ అవదు, మీరు ఉచితంగా చేసే చాకిరీ అవుతుంది. ఎన్నాళ్లు పక్కన కూర్చుని చూస్తారు, ఎప్పుడు ఒంటరిగా కుటుంబంతో మాట్లాడనిస్తారు అన్నది రెండోది. మొదటి నెలలోనే ఒంటరిగా పంపుతామంటే నేనైతే వెనక్కి తగ్గుతాను. ఎవరైనా ‘నేనూ పోతాను వాడి వెనకే’ అంటే ఎవరికి చెప్పాలి, రాత్రిపూట అయితే ఏం చేయాలి అన్నది మూడోది. దీనికి వాళ్ల దగ్గర రాసి పెట్టుకున్న పద్ధతి ఉండాలి. చేసిన ప్రతి గంటనూ సంతకంతో నమోదు చేయించుకోండి. క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవడానికి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ కావాలి, మీ ఎంఏతో అది రాదు. కౌన్సెలర్లను కూడా ఒక రిజిస్టర్లోకి తెచ్చేందుకు 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేశారు. 2025 జూలై-ఆగస్టు నుంచి సైకాలజీని దూరవిద్యలో అందించవద్దని విశ్వవిద్యాలయాలకు యూజీసీ చెప్పింది. మీరు అంతకుముందే చేరారు. కానీ నిబంధనలు బిగుసుకుంటున్నాయని దీన్నిబట్టి తెలుస్తోంది కదా. రేపు ఎవరైనా ‘ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరి దగ్గర’ అంటే కాగితం చూపించగలగాలి.

డబ్బు మాట. హాస్పిస్ కోసం ఉద్యోగం మానితే పోయే ఆరు నెలల జీతం అంటే 1,44,000. మీవారు ‘నీ ఇష్టం’ అన్నారు గానీ ఈ లెక్క కాగితం మీద వేసుకుని ఇద్దరూ చూసినట్టు ఉత్తరంలో లేదు. ముందు అది చేయండి. లెక్క చూశాక కూడా ‘నీ ఇష్టం’ అంటే అప్పుడు దాన్ని నమ్మొచ్చు. ఉద్యోగం మానకుండా వేసవి సెలవుల్లో పూర్తిగా, మిగతా నెలల్లో శనాదివారాలు వస్తానని హాస్పిస్‌ను అడిగి చూడొచ్చు. ఆదివారాలే అక్కడికి బంధువులు ఎక్కువగా వస్తారు కాబట్టి నేర్చుకోవడానికి తక్కువేమీ ఉండదు. దీనివల్ల ఇంటర్న్‌షిప్ సాగి ఏడాది పడుతుంది, పాపకు ఆదివారం అమ్మ ఉండదు. అది చిన్న నష్టం కాదు.

మీరు ఉత్తరంలో రాయని దారి ఇంకొకటి నాకు కనిపిస్తోంది. మీరు టీచరు. మీ స్కూల్లోనే ఏటా ఒకరో ఇద్దరో పిల్లలు అమ్మనో నాన్ననో పోగొట్టుకుని వస్తారు. ‘నాన్న ఊరెళ్లాడు’, ‘తాతయ్య నిద్రపోయాడు’ అని పెద్దవాళ్లు చెప్పిన మాట నమ్మి, నిద్రపోవడానికి భయపడే పిల్లలను నేను చూశాను. అయిదారేళ్ల లోపు పిల్లలకు పోయినవాళ్లు ఇక రారన్నది పూర్తిగా అర్థం కాదు. వాళ్లకు ‘చనిపోయాడు’ అన్న మాటే వాడి, శరీరం పనిచేయడం ఆగిపోయిందని, నీ తప్పేమీ లేదని, మెల్లగా ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పాలి. ఈ పని చేసేవాళ్లు మన స్కూళ్లలో చాలా తక్కువ. ఒక స్కూల్ కౌన్సెలర్ కింద ఇంటర్న్‌షిప్ చేస్తే మీ డిగ్రీ పూర్తవుతుంది, జీతం ఆగదు, అక్కడ మీ అమ్మ ముఖం ఎదురుపడే అవకాశం తక్కువ. కాకపోతే అక్కడ చదువుల టెన్షన్, ఇంటి గొడవలు లాంటివే ఎక్కువగా వస్తాయి. చావు దగ్గర కూర్చోవడం నేర్చుకోవాలన్న మీ కోరిక అక్కడ పూర్తిగా తీరకపోవచ్చు.

ఏ దారి ఎంచుకున్నా, దానికంటే ముందు, లేదా కనీసం దానితో పాటే, మీకంటూ ఒక కౌన్సెలర్ కావాలి. మీ క్లాసుమేట్ వద్దు, హాస్పిస్ సీనియర్ కూడా వద్దు. ఆవిడ మీ పని చూడాలి, మీ ఏడుపు వినే మనిషి వేరే ఉండాలి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. హాస్పిస్‌ను మూడు నెలలు ఆగమని అడిగితే ఆగుతారో లేదో కనుక్కోండి. ఆగితే ఆ మూడు నెలలు దీనికి వాడుకోవచ్చు. ఆగమంటే ఆ సీటు పోవచ్చు, మీ ఇంటర్న్‌షిప్ ఆలస్యమవుతుంది, కోర్సు గడువు ఎంత మిగిలిందో చూసుకోవాలి. ఆగకుండా చేరితే మొదటి రెండు నెలలు కుటుంబాలతో ఒంటరిగా మాట్లాడనని మీరే చెప్పి చేరండి. రెండూ తప్పు కాదు. మీ మనసు ఎంత గట్టిగా ఉందో మీకే తెలుస్తుంది.

మీ అత్తగారి గురించి ఒక మాట. ఆవిడ స్నానం చేయమంటే వాదించకండి. మైల అనుకుని చెప్పినా, పాప మీద భయంతో చెప్పినా, నాకు తెలిసిన నర్సులు చాలామంది ఇంటికి రాగానే స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకుంటారు. ఆ చెంబెడు నీళ్లు పోసుకునేటప్పుడు, ఈ రోజు అక్కడ విన్నవి ఇక్కడితో ఆగుతాయి అనుకోండి. ఆవిడ కోసం చేస్తున్నట్టు ఆవిడకు, మీ కోసం చేసుకుంటున్నట్టు మీకు. గొడవ పెట్టుకోవాల్సిన చోట్లు వేరే ఉన్నాయి.

మీ అమ్మ అన్న మాట చదివినప్పుడు నాకూ గుండె కలుక్కుమంది. కానీ రెండేళ్ల తర్వాత ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి కోపం అదే కదా. మౌనం కన్నా అది మేలు. ఆ మాటకు జవాబుగా మీరు చదివిన సైకాలజీ ఏదీ వాడకండి. ఆవిడకు కౌన్సెలర్ అవ్వాలని చూడకండి, కూతురిగానే ఉండండి. వెళ్లి ఒక రాత్రి పక్కన పడుకోండి. ‘అమ్మా, నేను ఇద్దామన్నందుకు నా మీద కోపంగా ఉందా’ అని అడగండి. ఆవిడ తిట్టొచ్చు. ఏడవొచ్చు. ఏమీ అనకుండా అటు తిరిగి పడుకోవచ్చు కూడా, అప్పుడు మళ్లీ ఇంకోసారి వెళ్లాలి. వాడి గదిలోకి వెళ్లడం లేదు, తిండి తగ్గింది, పెళ్లిళ్లకూ పేరంటాలకూ రావడం లేదు అని రాశారు. ఏడాది దాటినా రోజువారీ బతుకు సాగనివ్వనంత దుఃఖాన్ని 2022 నుంచి అమెరికా డాక్టర్ల వర్గీకరణలో విడిగా గుర్తిస్తున్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలనే చెప్పింది. మీ అమ్మకు ఆ ముద్ర వేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ‘తల్లి కదా, అంతే ఉంటుంది’ అని ఇంట్లోవాళ్లు వదిలేయకుండా ఒకసారి మంచి డాక్టరుకు చూపించాలని చెబుతున్నాను. తీసుకెళ్లే పని మీ నాన్నగారికి అప్పగించండి.

ఆ చొక్కా పట్టుకున్న తల్లికి ఏం చెప్పాల్సింది అని అడిగారు. చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. పక్కన కూర్చోవాలి. ఆవిడ మడత పెడుతుంటే చూడాలి. కాసేపయ్యాక ‘ఈ చొక్కా ఎప్పుడు కొన్నారమ్మా’ అని అడగొచ్చు. ఆవిడ పండక్కి కొన్నదే అనొచ్చు, ఇది వేసుకుని ఇంటర్వ్యూకు వెళ్లాడు అనొచ్చు, అక్కడి నుంచి ఆ అబ్బాయి మెల్లగా గదిలోకి వస్తాడు. పేరు అడిగి, ఆ తర్వాత పేరుతోనే మాట్లాడాలి. ‘మీ అబ్బాయి’ అనడం కన్నా పేరు పెట్టి అంటే ఆ తల్లి ముఖంలో వచ్చే మార్పు మీరే చూస్తారు. ఆసుపత్రిలో మీ అమ్మ పక్కన కూర్చున్న ఆ అమ్మాయి మీ తమ్ముణ్ని పేరుతో పిలిచిందా? ఉత్తరంలో లేదు, గుర్తు తెచ్చుకోండి.

నెలాఖరులోగా హాస్పిస్‌కు వెళ్లి మాట్లాడేటప్పుడు, చేరతానన్నా ఆగుతానన్నా, తమ్ముడి సంగతి వాళ్లకు చెప్పండి. పేరుతో చెప్పండి. చేరే పక్షంలో రెండు రోజుల సెలవు ఇప్పుడే అడిగి రాయించుకోండి, అతను పోయిన తారీఖు ఒకటి, తిథి ఒకటి. మామూలుగా రెండూ వేర్వేరు రోజుల్లో వస్తాయి కదా. ఆ రెండు రోజులూ మీరు ఎవరి దగ్గరా కూర్చోనక్కర్లేదు.